ఆదినారాయణ కుడికాలు

తండ్రికి విగ్రహం పెట్టాలని హర్ష తీర్మానించినప్పుడు పెద్దముడియం పక్కనున్న ఆ ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆదినారాయణ ఒకసారి సర్పంచుగా చేశాడు. ఒక బోరు వేయించాడు. అందులో నీళ్లు పడలేదు. అంత సేవ చేసిన మనిషికి విగ్రహం లేకపోతే ఊరికే మర్యాద తక్కువ. పై వీధివాళ్ల తాతకు అప్పటికే ఒకటి లేచింది గనక ఆలస్యం చేసే వీలు కూడా లేదు.

చిక్కల్లా ఫొటోతోనే. ఆదినారాయణకు ఫొటో అంటే గిట్టదు. ఉన్నదల్లా ఆధార్ కార్డులోది. అందులో ఆయన దొంగతనం ఒప్పుకున్నవాడిలా ఉంటాడు. దినాలకు ఆ మొహం కిందే ఎవరివో తెల్లచొక్కా భుజాలు తగిలించి హర్ష ఫ్లెక్సీ వేయించాడు. ఆ భుజాలు ఎవరివా అని హర్ష తల్లి వెంకటసుబ్బమ్మ ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంది. విగ్రహం సంగతి ఆమెకు పట్టలేదు. మొగుణ్ణి ఉన్నవాణ్ణి ఉన్నట్టు ఇంకొక్కసారి చూస్తే చాలనుకుంది.

అప్పుడు గుర్తొచ్చాడు ప్రొద్దుటూరు నయీం. కిందటేడు బండల మిద్దె మీద ఇంకో అంతస్తు వేస్తానని హర్ష అన్నప్పుడు, ఇంటిని లేజరుతో కొలిచిపోయింది అతనే. మూడుకాళ్ల స్టాండు మీద యంత్రం గిర్రున తిరిగి, కంటికి ఆనినదాన్నల్లా చుక్కలు చుక్కలుగా రాసుకుంటుంది. అందరూ బయటికి పోవాలని నయీం బతిమాలాడు. అందరూ పోయారు. ఆదినారాయణ పడసాలలో కుర్చీ దిగలేదు.

"నా పడసాలలో నేను ల్యాకుంటే అదేం కొలతరా?"

యంత్రాన్ని మూలమూలకూ మార్చారు గానీ ఆయన్ను మార్చలేకపోయారు. తర్వాత ప్లాను గీసేటప్పుడు నయీం ఆయన్ను తుడిచేశాడు. కానీ యంత్రం రాసుకున్న అసలు ఫైలు అలాగే ఉంది. అది తెస్తే మొహం అచ్చు దించుతానని పులివెందుల శిల్పి మాట ఇచ్చాడు. తల్లీకొడుకులు ప్రొద్దుటూరు బస్సెక్కారు.

నయీం కంప్యూటరు ముందు ఇద్దరికీ స్టూళ్లు వేశాడు. "చుక్కల్ని లోపలికి తెచ్చేముందు ఇది కొన్ని ప్రశ్నలడుగుతాది పెద్దమ్మా. మనం ఎట్ల చెప్తే అట్లే తెస్తాది."

"మా ఇంట్లోవాళ్ల కంటే మేలే," అంది వెంకటసుబ్బమ్మ.

మొదటి ప్రశ్న: చుక్కకూ చుక్కకూ ఎంత ఎడం ఉండాలి?

"బిరీన అయ్యేట్టు పెట్టప్పా, ఎమ్మెల్యే మనిషిని కలిసేదుంది," అన్నాడు హర్ష. నయీం ఎడం పెంచాడు. నిమిషంలో తండ్రి వచ్చాడు. ముక్కు మాత్రం రాలేదు.

"ఎమ్మెల్యే మనిషికి ముక్కు ఉంటాది గానీ మీ నాయనకు వద్దా?" అంది తల్లి.

నయీం ఎడం తగ్గించాడు.

రెండోది సైజు. "ఆరున్నర అడుగులు చెయ్యి," అన్నాడు హర్ష.

"ఈడ పెంచితే కుర్చీ, పడసాలా అన్నీ పెరుగుతాయన్నా."

"పెరగనీ. కిందటేడు నేనడిగింది అదే గదా."

మూడోది, పనికిరాని చుక్కల్ని తీసెయ్యాలా అని. అక్కడ నయీం చెయ్యి ఆగింది. తెర మీద ఆదినారాయణ కూర్చున్నాడు. ముక్కుంది, మీసముంది, మోకాలి మీద తువ్వాలుంది. పంచె కింద ఎడమకాలుంది. కుడికాలు ఉండాల్సిన చోట పొగ ఉంది.

"కాలు ఊపుతాండాడు పెద్దమ్మా. యంత్రం చూసినప్పుడల్లా ఒకో తావున ఉంది. ఇట్ల కదిలే చుక్కల్ని ఇది చెత్త కింద లెక్క వేస్తాది. ఫిల్టరు పెడితే తీసేస్తాది."

"తీసెయ్," అన్నాడు హర్ష. "ఎట్లాగూ నిలబెడతాం. కూచున్న నాయకుడు యాడన్నా ఉండాడా?"

వెంకటసుబ్బమ్మ ఆ పొగనే చూస్తోంది. కాలు ఊపితే ఇంటికి దరిద్రమని ఆమె కాపురానికొచ్చిన వారం నుంచీ మొత్తుకుంది. బోరులో నీళ్లు పడకపోయినా, సర్పంచు పదవి పోయినా నేరం ఆ కాలి మీదే మోపింది. ఆసుపత్రిలో ఆ కాలు ఆగినప్పుడే ఆమెకు సంగతి తెలిసింది. డాక్టరు తర్వాత చెప్పాడు.

"నేనూ దాన్ని చెత్తనే అన్యా నాయనా," అంది. "వానికి కావాల్సినట్టు వానికి తీసియ్యి. నాకు తీయగాకు."

నయీం అదే ఫైలును రెండుసార్లు తెచ్చాడు. ఫిల్టరు పెట్టింది హర్షకు. పెట్టనిది, సైజు పెంచనిది ఆమె ఫోనులోకి.

విగ్రహం బ్రహ్మాండంగా వచ్చింది. ఆరున్నర అడుగులు, ఎత్తిన చెయ్యి, గుంజల్లా బిగిసిన రెండు కాళ్లు. మొహం అచ్చు దించుతానన్న శిల్పి దాన్నీ కాస్త నాయకుడికి తగ్గట్టు సర్దాడు. బోరు పక్కనే దిమ్మె కట్టారు. వక్తలు ఆయన చేసిన సేవను చెప్పడానికి ఎక్కువ టైం తీసుకోలేదు. హర్ష తల్లి చెవి దగ్గర వంగాడు.

"ఎట్లుండాడు మా?"

"శానా బాగుండాడు," అంది. "ఎవురాయప్ప?"

ఇంటికొచ్చి పడసాలలో ఆ కుర్చీకి ఎదురుగా కూర్చుంది. ఫోను తెరిచి వేలితో ఆయన్ను ఇటు తిప్పింది, అటు తిప్పింది. గోడవైపు ఉండి యంత్రానికి ఆనని వీపు ఖాళీగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పింది. పంచె కింద పొగ.

"ఊపుకో పో," అంది. "ఎవురొద్దన్యారు?"

ఎవరు వద్దన్నారో ఆ ఇంటి బండలన్నిటికీ తెలుసు.