గేరుబాక్సు విప్పించానని చెప్పాను

ఒక చిన్న లారీ గేరుబాక్సు ఎంత బరువుంటుందో మీకు తెలుసా? ఇద్దరు పట్టుకుంటేగానీ నేల మీంచి లేవదు. దాన్ని నేనొక్కణ్ణే ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా చెప్పలేదు. దేవుడి ముందు నిలబడి కూడా వేరే సంగతులేవో మాట్లాడి వచ్చేశాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. మధ్యమధ్య ఆగిపోతే ఏమీ అనుకోకండి.

మాది చోడవరం. ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో చెరుకు పొలంలో ఒక ముక్క అమ్మి నేనొక పికప్ బండి కొన్నాను. యుద్ధమయ్యాక మిలట్రీవాళ్ళు వేలంలో వదిలించుకున్నది. ముందు ఇద్దరు కూర్చుని, వెనక బస్తాలు వేసుకునే రకం. ఆ రోజుల్లో మా పక్క సరుకంతా ఎడ్లబళ్ళ మీదే కదిలేది కాబట్టి నా బండికి గిరాకీ బాగానే ఉండేది. రోజూ అనకాపల్లికి బెల్లం. వారానికోసారి ఉప్పు, కిరసనాయిలు వేసుకుని వడ్డాది మీదుగా ఘాటీ ఎక్కి పాడేరు సంతకి వెళ్ళి, దిగేటప్పుడు పసుపు, చింతపండు, అడ్డాకులు తెచ్చేది.

బండి తోలేవాడు సింహాద్రి. మా చెల్లెలు నూకాలు మొగుడు. నాకు తోలడం రాదు. నేర్చుకోబోయి ఒకసారి గడ్డివాములోకి ఎక్కించాను. ఆ సంగతి సింహాద్రి పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించేవాడు, చావింటి అరుగుల మీద కూడా చెప్పి నవ్వించేవాడు. వాడి మీద నాకు కోపం వచ్చేది కాదు. వాడు ఉన్నచోట మనిషికి హాయిగా ఉండేది, అంతే.

ఇక్కడొక సంగతి చెప్పకపోతే తర్వాతది మీకు అర్థం కాదు. ఘాటీ దిగేటప్పుడు ఆ రోజుల్లో కొందరు డ్రైవర్లు గేరు తీసేసి బండిని న్యూట్రల్లో వదిలేసేవారు. బండి దానంతటదే జారుతుంది. పెట్రోలు మిగులుతుంది. మిగిలింది సీసాల్లో పోసి అమ్ముకుంటారు. యజమానులందరికీ తెలిసిన దొంగతనమే. కానీ గేరు తీసేసిన బండిని బ్రేకు ఒక్కటే ఆపాలి, అది వేడెక్కిందంటే పట్టదు. సింహాద్రి ఆ పని చేయడు. రెండో గేరు వేసి, ఇంజిను మూలుగుతుంటే, మనిషి నడిచినట్టు దించేవాడు. తోటి డ్రైవర్లు వెక్కిరించేవారు. మా చెల్లెలికి మాత్రం అదే గర్వం. మా ఇంటాయన న్యూట్రల్ కొట్టడు అని వీధి ఆడవాళ్ళందరికీ చెప్పుకునేది. న్యూట్రల్ అంటే ఏమిటో దానికి తెలీదు. తాగుడులాంటి అలవాటేదో అనుకునేది.

ఒక బెల్లం సీజన్లో ఆ గేరుబాక్సు ఏడవడం మొదలుపెట్టింది. ఏడుపు ఒక్కటే అయితే సరే, దిగుడులో రెండో గేరు దానంతటదే ఊడిపోయి న్యూట్రల్లోకి వచ్చేసేది. సింహాద్రి ఒక చింతకర్ర ముక్క చెక్కాడు. మూరెడుంటుంది, ఒక కొసన గంటు పెట్టాడు. ఘాటీ దిగేముందు ఆ గంటు గేరు రాడ్డుకి ఆనించి, రెండో కొస సీటు చెక్కకి బిగించేవాడు. ఇంక గేరు ఊడదామన్నా ఊడదు. అలా దించుతూనే, బావా దీన్ని ఇప్పించి బాగుసేయించు, దీన్ని ఇప్పించు అని నా వెంట పడేవాడు.

అనకాపల్లి మేస్త్రీకి చూపించాను. గేరుబాక్సు దింపాలి, విప్పాలి, అరిగిన పళ్ళచక్రాలు మద్రాసు నుంచి రావాలి, నాలుగొందలకి తక్కువ కాదు, అవి వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉండాలి అన్నాడు. నాకు డబ్బు లేక కాదు. ఇక్కడ కూడా అబద్ధం చెప్పి మీ జాలి సంపాదించుకోను. డబ్బుంది. కానీ సీజను నడుస్తోంది, నా బండి ఆగితే లోడ్లన్నీ ఇంకొకడికి పోతాయి. సీజను అయ్యాక చూద్దామన్నాను. మేస్త్రీ నవ్వి, మీకిది అమ్మినవాడు రంపపు పొట్టు పోసి అమ్మేడేమోనండి అన్నాడు. అదేమిటని అడిగాను. బండి వదిలించుకునేవాళ్ళు గేరు ఆయిల్లో పొట్టు కలిపి పోస్తారట. అది పళ్ళ మధ్య నిండి కొన్నాళ్ళు మోత వినబడనివ్వదట. కొన్నవాడు ఇంటికెళ్ళాక ఏడుస్తాడట. ఆయన నన్ను జాగ్రత్తపడమని చెప్పిన మాట అది. నేను దాన్ని ఎలా వాడుకున్నానో చూడండి.

సింహాద్రి, నూకాలు చుట్టాలింట్లో పెళ్ళికి కె.కోటపాడు వెళ్ళారు. బండిచక్రాలు చేసే వడ్రంగి దగ్గర, ఐసుగడ్డ కప్పడానికని చెప్పి, గంపెడు పొట్టు తెచ్చుకున్నాను. మా పెరట్లో కూర్చుని దాన్ని ఆయిల్లో, ఆముదంలో కలిపాను. ఎడ్లబండి ఇరుసుకి కందెన కలిపినట్టే కలిపి గేరుబాక్సులో పోశాను. చిన్నప్పటి నుంచి మేం చూసింది అదే కదా. ఇరుసు కిర్రుమంటే కందెన రాస్తాం, కిర్రు పోతే బాధ పోయినట్టే. మోత ఆగితే రోగం తగ్గినట్టేనని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. నమ్మానా? నమ్మితే పెరటి తలుపు గడియ ఎందుకు పెట్టుకున్నాను?

పెళ్ళి నుంచి వచ్చి బండి తీశాడు. బజారు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. వాడి మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

"బావా, మోతే లేదేటి?" అన్నాడు.

"ఇప్పించేను. మేస్త్రీ ఇక్కడికే వచ్చేడు. పాత బండివి సక్రాలు దొరికితే మార్చేడు" అన్నాను.

"ఎంతైందేటి?"

"మూడొందల డెబ్బై." గుండ్రంగా చెబితే నమ్మడేమోనని అలా చెప్పాను.

వాడు బండి దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నా పేణం కోసం అంత పెట్టేవా బావా. ఈ సీజనంతా నాకు బత్తా వొద్దు. నూకాలుకి నేను సెప్పుకుంటాను."

"సరేలే" అన్నాను.

సరేలే అన్నాను. విప్పని గేరుబాక్సుకి వాడి రోజుబత్తా డబ్బుతో ఖర్చు పెట్టించాను. అప్పుడైనా నోరు పెగలాలి కదా. పెగల్లేదు. వాడు సీటు కింద నుంచి ఆ చింతకర్ర ముక్క తీసి, "ఇంక దీంతో పనేటి" అని నవ్వుతూ ఇంటికి పట్టుకుపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది, కాబట్టి ఒకసారి విప్పి చెబుతాను. బండి పాడైనందువల్ల వాడు పోలేదు. పాడైందని తెలిసినంతకాలం వాడు క్షేమంగానే దిగాడు. బాగుపడిందని నేను చెప్పాను. అందుకని ఆ కర్ర తీసేశాడు.

ఆ వారం సంత నుంచి దిగుతూ పోయాడు. మలుపు దగ్గర అడ్డాకులు మోసుకొస్తున్న ఆడవాళ్ళు చూశారు. ఇంజిను మోత లేకుండా బండి గాలిలా వచ్చేసిందని చెప్పారు. మేం వెళ్ళేసరికి బండి లోయలో ఒక చెట్టుకి ఆని పడుంది. పసుపు బస్తాలు పగిలి కొమ్ములన్నీ వాడి మీద ఉన్నాయి. గేరు రాడ్డు సరిగ్గా మధ్యలో ఉంది. న్యూట్రల్.

హెడ్డు కానిస్టేబులు లోపలికి తొంగిచూసి, "న్యూట్రల్ కొట్టేడేటి?" అని నన్ను అడిగాడు. అక్కడ చాలామంది డ్రైవర్లున్నారు. నేను, "పెట్రోలు కోసం కొడతారు కదండీ" అన్నాను. వీడు కొట్టాడని అనలేదు చూడండి, అందరి మాటా చెప్పాను. ఆ సందులో దూరి చాలా ఏళ్ళు బతికాను. ఎవరిని మోసం చేయడానికి? అక్కడున్న ప్రతివాడికీ ఒకే మాట వినబడింది.

బండిని ఎడ్లతో లాగించి మా పెరట్లో పెట్టించాను. అందరూ వెళ్ళాక గేరుబాక్సు కింది మర విప్పాను. నల్లటి ముద్ద జారింది, దాన్లో ఇనప రజను మెరుస్తోంది. పెంటకుప్ప కింద గొయ్యి తీసి పూడ్చేశాను. బండిని పాత ఇనుముకి అమ్మేశాను. ఎవరూ ఏమీ అడగలేదు.

నూకాలు మొదట అందరితో పోట్లాడింది. ఆయన న్యూట్రల్ కొట్టడు, మీరెవరూ ఎరగరు అని వచ్చినవాళ్ళందరి మీదా పడింది. చివరికి నా దగ్గరికి వచ్చి, "నువ్వైనా సెప్పు అన్నియ్యా" అంది. నేను తల దించుకున్నాను.  తర్వాత దానంతటదే అంది, "బత్తా వొద్దన్నాడు కదా. ఇంటికి సాలక ఆ పని సేసేడేమో." వాడు దొంగ కావడానికి ఒక కారణం కావాల్సి వచ్చింది, ఆ కారణం కూడా నా అబద్ధంలోంచే దొరికింది. నేను కాదనలేదు.

ఆ రోజు నుంచి మా చెల్లెలు మొగుడి కోసం ఏడవలేదు. సిగ్గుపడింది. నాలుగు డబ్బుల పెట్రోలుకి నన్నూ పిల్లడినీ ముంచేసి పోయేడని తిట్టేది. నా బండి పాడుచేశాడని నాకు క్షమాపణ చెప్పింది. నాకు. ఆ నష్టం తీరుస్తానని మా బెల్లం పాకలో పనికి వచ్చేది. వద్దంటే వినేది కాదు. నేను దాన్నీ దాని కొడుకునీ పోషిస్తుంటే, చెల్లెల్ని ఇలా చూసుకునే అన్న ఎక్కడుంటాడని ఊరు నన్ను మెచ్చుకుంది. మెప్పు వచ్చినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువ పెట్టేవాణ్ణి. అది ప్రేమా, జరిమానా? నాకే తెలీదు.

ఊరు ఆ కుటుంబానికి పేరు పెట్టేసింది. న్యూట్రలోళ్ళు. మేనల్లుడికి బళ్ళంటే ఎంత ఇష్టమో! పెద్దయ్యాక లారీ స్టాండులో క్లీనరు పని అడిగితే, న్యూట్రలోడి కొడుక్కి బండెవడిస్తాడని నవ్వారట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. గోవాడ పంచదార మిల్లులో చెరుకు బళ్ళ తూకం దగ్గర పనికి కుదిరాడు.

వాళ్ళింట్లో వంటగది కిటికీకి రెక్క నిలవదు. నూకాలు దానికి ఒక చింతకర్ర ముక్క ఆసరా పెట్టేది. మూరెడుంటుంది, ఒక కొసన గంటు. ఆ గంటు ఎందుకో దానికి తెలీదు. అది అన్నం వడ్డిస్తుంటే నేను ఎదురుగా ఆ కర్రని చూస్తూ తినేవాణ్ణి. దాచేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెయ్యి వెళ్ళలేదు.

నిరుడు నూకాలు పోయింది. మావాళ్ళలో మట్టి చేయడమే ఆనవాయితీ. మొగుడి పక్కనే పెళ్ళాన్ని పెడతారు. పోయే ముందు నన్ను మంచం దగ్గరికి పిలిచి, "ఆడి పక్కన నన్ను పెట్టొద్దన్నియ్యా" అంది. అప్పుడు చెప్పాల్సింది. దానికి తెలివి ఉంది, మాట వినబడుతోంది, గదిలో ఇంకెవరూ లేరు. ఒక్క మాట చెబితే, ఆ కాస్త సేపైనా దాని మొగుడు దానికి దక్కేవాడు. నన్ను అసహ్యించుకుని పోయేది, పోనీ. కానీ నేనది ఓర్చుకోలేకపోయాను. ఆఖరి గడియలో కూడా నా చెల్లెలి కళ్ళలో మంచివాడిగా ఉండాలనుకున్నాను.

"అలాగేనమ్మా" అన్నాను. అలాగే చేశాను. అది ఒక మూల, వాడు ఒక మూల.

మొన్న మేనల్లుడు కొత్త కిటికీ పెట్టిస్తూ ఆ కర్రముక్కని చెత్తలో పారేశాడు. తెచ్చుకున్నాను. ఇది రాస్తుంటే నా పక్కనే ఉంది. వాడికి చెబుతానా? ఈ కాగితాలు వాడి చేతికి ఇచ్చే ధైర్యం వస్తుందో రాదో నాకు తెలీదు, వస్తుందని మీకు మాటివ్వలేను. క్షమించమని కూడా అడగను. అడగాల్సినవాళ్ళిద్దరూ మట్టిలో ఉన్నారు, అదీ దూరందూరంగా.

ఒక్క మాట మాత్రం రాసి, పైకి చదివాను. గదిలో ఎవరూ లేరు. మాట బయటికొచ్చింది. ఇన్నేళ్ళలో నా నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి.

సింహాద్రి న్యూట్రల్ కొట్టలేదు. గేరు వేసే దిగాడు.