తప్పు వాయించానా అండి?

రామచంద్రపురం ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పే దేవకుమారి టీచరు ఒకప్పుడు గిటార్ మెడలో వేసుకుని స్టేజీ మీద గెంతేదంటే ఆవిడ దగ్గర చదువుకునే పిల్లలు నమ్మేవారు కాదు. గంజి పెట్టిన నేత చీర, వెండి ఫ్రేము కళ్ళజోడు, బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ ఆ పిల్లల అమ్మానాన్నలకి తెలుసు. డెబ్బైల్లో ఆవిడ బృందం ‘గౌతమి బీట్స్’ ప్రోగ్రాం ఉందంటే తుని నుంచి కూడా జనం లారీలెక్కి వచ్చేవారు.

దేవకుమారి తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ పిల్ల గిటార్ నేర్చుకుంది లూథరన్ చర్చి క్వయర్‌లోనే. తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కుంటే సంఘపెద్దలు తండ్రిని పిలిపించి మాట్లాడారు. “ఆదివారం దేవుడి పాటలు మానలేదు కదండీ,” అని ఆయన సర్దిచెప్పుకొచ్చాడు. సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాలు అప్పట్లో ఊరికొకటి ఉండేవి. గౌతమి బీట్స్ నలుగురూ మాత్రం సొంత పాటలు పాడేవారు. కాలేజీ కుర్రాళ్ళు దాన్ని రాక్ అన్నారు. మిగతావాళ్ళు ఆవిణ్ణి ‘కరెంటు గిటారమ్మాయి’ అన్నారు.

ఆ నలుగురిలో డ్రమ్ములు వాయించేవాడు పల్లంరాజు. ఆవిడకంటే మూడేళ్ళు చిన్న. ఆవిణ్ణి ‘దేవమ్మగారూ’ అనేవాడు, ఆవిడ ‘ఒరేయ్’ అనేది. ఎక్కడా నేర్చుకున్న వాయిద్యం కాదు. చెబితే వినేవాడు, ఒకసారి వింటే మర్చిపోయేవాడు కాదు.

వాళ్ళ పాటల్లో పేరు తెచ్చింది పంటు పాట. గోదావరి దాటించే పంటు రేవు వదిలేటప్పుడు నెమ్మదిగా కదిలినట్టు పాట మొదలవుతుంది. అవతలి ఒడ్డు దగ్గరపడేకొద్దీ దిగేవాళ్ళ తొందర అందుకుని వేగం పెరుగుతుంది. ఆ వేగం పెంచమన్నది దేవకుమారే. “ఒడ్డు కనపడగానే నువ్వు పరిగెత్తరా, నీ వెనక మేం పరిగెడతాం,” అని పక్కన కూర్చుని నేర్పింది. చివరి చరణానికి జనం లేచి నిలబడేవారు.

డెబ్బై తొమ్మిదిలో మద్రాసులో ఒక రికార్డు కంపెనీవాళ్ళు పిలిచారు. నలుగురూ రైలెక్కి వెళ్ళారు. రికార్డింగ్ థియేటర్లో పంటు పాట ఒకసారి వాయించగానే అద్దం వెనకనుంచి సౌండ్ ఇంజనీరు బయటికొచ్చాడు.

“మీ డ్రమ్ము పరిగెడుతోందమ్మా. తాళం నిలవట్లేదు. మా దగ్గర మంచి వాయిద్యగాడున్నాడు, అతను వాయిస్తాడు. ఈ అబ్బాయిని బయట కూర్చోమనండి.”

పల్లంరాజు డ్రమ్ము పుల్లలు ఒళ్ళో పెట్టుకుని ఆవిడకేసి చూశాడు. “మీరు చెప్పండి దేవమ్మగారూ. ఉండమంటారా, వెళ్ళమంటారా?”

పరిగెత్తమన్నది నేనేనండీ, పాటే అలా కట్టాం అని ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆవిడ వంగి గిటార్ తీగ బిగించడం మొదలుపెట్టింది. అప్పటికే సరిగ్గా ఉన్న తీగని మళ్ళీ మళ్ళీ బిగించింది. తలెత్తి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

రికార్డింగ్ పూర్తయింది. కొత్త వాయిద్యగాడు మొదటినుంచి చివరిదాకా ఒకటే వేగంతో వాయించాడు. పల్లంరాజు ఎవరికీ చెప్పకుండా సాయంత్రం రైలుకి వచ్చేశాడు. ఆ రికార్డు మార్కెట్లోకి రాలేదు. ఇవాళా రేపూ అంటుండగానే కంపెనీ మూతపడింది. గౌతమి బీట్స్ మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఆవిడ బీయీడీ చేసి టీచరైంది, పెళ్ళి చేసుకుంది. పల్లంరాజు మండపేటలో రైసుమిల్లులో పనికి కుదిరాడని విన్నది. రామచంద్రపురానికి మండపేట ఎంత దూరమని. ఎన్నోసార్లు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

ఆ తర్వాత ఏ పత్రికవాళ్ళు అడిగినా ఆ రోజుల గురించి మాట్లాడలేదు. రెండు వేల మూడులో ఆశాజ్యోతి వచ్చి అడిగితే మాత్రం కాదనలేకపోయింది. ఆశాజ్యోతి ఆవిడ దగ్గర చదువుకున్న పిల్ల. రాజమండ్రిలో ఒక కేబుల్ చానల్లో ఆదివారం సాయంత్రం లైవ్ ప్రోగ్రాం చేస్తుంది.

స్టూడియో అంటే ఒక మేడ మీద గది. చప్పుడొస్తుందని ఫ్యాను ఆపేశారు. లైట్ల వేడికి చెమటలు పడుతున్నా దేవకుమారి చక్కగా మాట్లాడింది. కరెంటు పోయిన స్టేజీల గురించి, చర్చిలో పడిన చీవాట్ల గురించి చెప్పి నవ్వించింది.

“మరి గౌతమి బీట్స్ ఎందుకు ఆగిపోయింది మేడం?”

“ఏముందమ్మా, ఉద్యోగాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి,” అందావిడ. ఎప్పుడూ అందరికీ చెప్పే మాటే అది.

అప్పుడు ఫోన్ మోగింది. “హలో, ఎవరండీ మాట్లాడేది?” అంది ఆశాజ్యోతి.

“నేనండి. పల్లంరాజునండి. డ్రమ్ములు...” గొంతు చాలా గట్టిగా వస్తోంది, అరుస్తున్నట్టు.

ఆశాజ్యోతి సంబరంతో కుర్చీలో ముందుకి జరిగింది. “అయ్యో, మీరా సార్! మేడం ఇక్కడే ఉన్నారు, మాట్లాడండి.”

“దేవమ్మగారూ, ఒక్క సంగతి అడుగుదామని. ఆ రోజు మద్రాసులో నేను తప్పు వాయించానా అండి?”

కెమెరా ఆవిడ మొహం మీదే ఉంది. ఆవిడ నవ్వింది. టీవీలో ఏం చెయ్యాలో తెలియనప్పుడు ఎవరైనా నవ్వే నవ్వు. “పల్లంరాజుగారు గొప్ప కళాకారులు. ఆయన కుటుంబంతో సహా ఆయురారోగ్యాలతో ఉండాలని ప్రభువుని వేడుకుంటున్నాను.”

“హలో? హలో? వినపడట్లేదండి...”

లైను తెగింది. ఆశాజ్యోతి చీరల షాపు ప్రకటన వేయించింది.

మర్నాడు దేవకుమారి స్కూలుకి సెలవు పెట్టి, చానల్ వాళ్ళ దగ్గర నంబరు తీసుకుని, అడ్రసు కనుక్కుని, ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. పల్లంరాజు మిల్లు పని మానేసి రాజమండ్రిలో కూతురూ అల్లుడి దగ్గర ఉంటున్నాడు. అతని భార్య బేబి తలుపు తీసి, గుర్తుపట్టి, కంగారుగా కుర్చీ తుడిచింది.

“నిన్న మీరు ఆయన్ని గారూ అన్నారండి. మా అల్లుడు ఎంత పొంగిపోయాడో! గట్టిగా మాట్లాడండి, ఆయనకి వినపడదు. మిల్లు రొదకి చెవులు పోయాయి.”

పల్లంరాజు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. జుట్టంతా నెరిసింది. బేబి కాఫీ తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

“నిన్న నువ్వడిగినదానికి నేనేమన్నానో వినపడిందా?” అని గట్టిగా అడిగింది.

“లేదండి. టీవీలో చూశాను. నవ్వారు. తప్పే వాయించానన్నారేమో అనుకున్నాను.”

ఆవిడ అతని చెవి దగ్గరికి వంగి చెప్పింది. అతనికి అందలేదు. రెండోసారి గట్టిగా చెప్పింది, ఊహూ అన్నాడు. మూడోసారి అరిచింది. “నువ్వు తప్పు వాయించలేదురా! పరిగెత్తమని నేర్పింది నేను! వాళ్ళకి ఆ మాట చెప్పలేదు నేను!”

పక్క వాటావాళ్ళు గుమ్మంలోకొచ్చి చూశారు.

“అలాగా అండి,” అన్నాడు పల్లంరాజు. “నా చేతిలో తాళం లేదేమో అనుకున్నానండి ఇన్నాళ్ళూ. ఊళ్ళో ఎవరు పిలిచినా వెళ్ళలేదు. అప్పుడే చెప్పి ఉంటే వాయించుకునేవాణ్ణి.”

అతని మాటలో కోపం లేదు. కోపంతో నాలుగు మాటలంటే ఆవిడ పడి ఉండేది. ‘కాఫీ తీసుకోండి, చల్లారిపోతోంది’ అన్నాడు, అంతే.

ఆవిడ అటునుంచి అటే చానల్ ఆఫీసుకి వెళ్ళింది. “ఆ ఫోన్ వచ్చినచోట నేను సరిగ్గా జవాబు చెప్పలేదమ్మా. ఇంకొక్కసారి చెప్పనివ్వు.”

“భలేవారే మేడం, ఆ ఫోనే హైలైట్! అందరూ ఎంత మెచ్చుకుంటున్నారో. మళ్ళీ ఎందుకు?” అంది ఆశాజ్యోతి.

ఆ ఇంటర్వ్యూ బాగుందని చానల్ వాళ్ళు పండగలకి మళ్ళీ మళ్ళీ వేశారు. వేసినప్పుడల్లా టీవీలో దేవకుమారి నవ్వి, ప్రభువుని వేడుకుంటూనే ఉంది. స్టాఫ్ రూంలో అందరూ “ఎంత హుందాగా మాట్లాడారండీ,” అనేవారు.

ఆవిడ రాజమండ్రి వెళ్ళడం మాత్రం మానలేదు. అతని మనవల కోసం బిస్కెట్లు పట్టుకెళ్ళేది. పల్లంరాజు వానల గురించి, ధాన్యం రేటు గురించి మాట్లాడేవాడు. పాటల ఊసు అతనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఒకరోజు వెళ్ళేసరికి అతను లోపల నిద్రపోతున్నాడు. బేబి వరండాలో చిక్కుడుకాయలు తుంపుతూ, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“మా పెళ్ళి ఎనభైలో అయిందండి. నేను వచ్చాక ఆయన ఒక్కసారీ వాయించలేదు. నేను అసలు వినలేదు. నిజంగా బాగా వాయించేవారా అండి?”

ఎలా వాయించేవాడో చెప్పాలని దేవకుమారి నోరు తెరిచింది. తునిలో జనం లేచి నిలబడిన సంగతి చెబుదామనుకుంది. చిక్కుడుకాయ ఒకటి చేతిలోకి తీసుకుని ఈనె తీస్తూ, “బాగా వాయించేవాడమ్మా,” అని మాత్రం అనగలిగింది.