మాసయ్య తీసుకోని కిరాయి

కోడేరు మాసయ్యకు పదిమంది పట్టే సొంత తుఫాన్ బండి ఉంది. పెళ్లిళ్లకు, జాతరలకు కిరాయికి తిప్పుతాడు. మూడేళ్లుగా ప్రతి సోమవారం మాత్రం కంటి ఆపరేషన్‌కు వెళ్లే ముసలివాళ్లను ఊరికే నాగర్‌కర్నూల్ తీసుకెళ్లి, ఊరికే తెచ్చేవాడు. ఆ కంటి శిబిరాలు ఒక ట్రస్టువి, డీజిలు మాసయ్యది.

మొన్న జూలైలో ఆదాయపు పన్ను రిటర్ను వేయించుకోవడానికి, పన్ను లెక్కలు రాసే యాదయ్య దగ్గరికి వెళ్లినప్పుడు, "గా సోమవారం డీజిలన్న నా ఆదాయంల తీసేస్తరా?" అని అడిగాడు.

"తియ్యరు. చందా పైసలిస్తెనే మినహాయింపు. బండి తిప్పినా, ఒళ్లొంచి పనిచేసినా లెక్కకు రాదు," అంటూ కంప్యూటరు చూసిన యాదయ్య ఆగిపోయాడు. "ఇదేంది మాసన్నా, ట్రస్టు నీకు మూడు లక్షల కిరాయి ఇచ్చినట్టుంది. గది నీ ఆదాయమే అయితది."

సన్మాన పత్రం పేరుతో ట్రస్టువాళ్లు తన పాన్ కార్డు నకలు తీసుకున్న సంగతి మాసయ్యకు అప్పుడు గుర్తొచ్చింది.

నేరుగా ట్రస్టు ఆఫీసుకు పోయాడు. కార్యదర్శి ప్రేమ్ కుమార్ చాయ్ తెప్పించి, నగదు రసీదుల కట్ట ముందు పెట్టాడు.

"సంతకాలు పెట్టన్నా. నీ మీద పడే పన్ను మేమే కడ్తం."

"తీసుకోని పైసలకు సంతకమెట్ల పెడ్త? పన్ను ఆఫీసరుకు రాసిస్త."

చాయ్ గ్లాసు మాసయ్య ముఖాన పగిలింది. ఆఫీసులోని ఇద్దరు మనుషులు వెనక నుంచి పట్టుకుని నేలకేసి కొట్టారు. ఒకడు అతని ఎడమచేతిని గడప మీద పెట్టి తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు మాసయ్యకు వినిపించింది. రెండోవాడు రసీదుల మీద వేలిముద్ర కోసం ఇంకు డబ్బా తెచ్చాడు. వాడి మణికట్టును మాసయ్య పళ్లతో పట్టి, నోటికి రక్తం తగిలేదాకా వదల్లేదు. విడిపించుకుని బయటికి ఉరికి, బండిలోని జాకీ రాడ్డు అందుకుని, వెంటపడ్డ ప్రేమ్ కుమార్ మోకాలి మీద కొట్టాడు. అతను పడ్డాక మళ్లీ కొట్టాడు. ఆ రెండో దెబ్బ అక్కర్లేదని కొడుతున్నప్పుడే అతనికి తెలుసు.

ఇరువైపులా కేసులయ్యాయి. మాసయ్య పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. భార్య నవనీత బ్యాంకు పుస్తకం పట్టుకుని పన్ను ఆఫీసు చుట్టూ తిరిగింది. "ఒక్క రూపాయన్న వచ్చిందా సారూ? మీరే చూడుండ్రి," అంది. సంతకం ఉన్న ఒక్క రసీదూ ట్రస్టు చూపలేకపోయింది. ఆ కిరాయిని మాసయ్య ఆదాయంలోంచి తీసేశారు. ట్రస్టు మీద విచారణ మొదలైంది, శిబిరాలు ఆగిపోయాయి.

ఒక కంటికి మాత్రమే ఆపరేషన్ అయిన జములమ్మ ఇంటికొచ్చి అడిగింది. "నా రెండో కన్ను సంగతేంది బిడ్డా?"

"సర్కారు దవాఖానకు పోదాం పెద్దమ్మా, బస్సుల." విరిగిన చేతికి ఇంకా గేరు పట్టు దొరకలేదు.

బస్సులో వెనక సీట్లో ఎవరో గట్టిగా అరిచారు. మాసయ్య కుడి పిడికిలి జాకీ రాడ్డు పట్టినట్టు బిగుసుకుంది. నాగర్‌కర్నూల్ వచ్చేదాకా అది విచ్చుకోలేదు.