తొడుగు కింద ఉప్పు

దేవుణ్ణి నమ్ముతాను గానీ, దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. నాకు చదువు ఇంట్లో మా నాన్నే నేర్పారు. చూడనిది చూశానని చెప్పకూడదన్నది ఆయన పెట్టిన మొదటి నియమం. ఆ నియమమే తప్పాను. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మాది నౌపడ దగ్గర. మా ఆయన మూలపేట రేవు పనుల్లో నీటి అడుగుకు దిగే డైవర్. వీపున గాలి సిలిండర్, నోట్లో రెగ్యులేటర్, రెండింటినీ కలిపే రబ్బరు హోస్. సముద్రంలోంచి వచ్చిన ప్రతిసారీ రెగ్యులేటర్‌నీ హోస్‌నీ మంచినీళ్ళలో నానబెట్టాలి. హోస్ చివరి తొడుగు వెనక్కి లాగి, పగుళ్ళున్నాయేమో చూడాలి. ఇంటి దగ్గర ఆ పని నాది.

మా బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మంచినీళ్ళు క్యానుల్లో తెచ్చుకుంటాం. ఆ నీళ్ళు సోమవారం అభిషేకానికి దాచి, సామాను బావి నీళ్ళలో ముంచేదాన్ని. తొడుగు బిగుసుకుపోతే లాగడం కూడా మానేశాను. ఒకటి రెండు రోజులు కాదు, నెలల తరబడి.

ఓ సోమవారం పొద్దున హారతి ఇస్తుంటే ఆయన బ్యాగు సర్దుకుంటూ అడిగారు.

"తొడుగు లాగి సూసినావా?"

"సూసినాను బావా."

కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది.

అంతలో అరుగు మీంచి మా అత్త కేకేసింది. పక్కన టపాసు పేలినా ఆవిడకు వినబడదు.

"ఏటే, కుక్కరు బుస్సుమంటంది, దించవేటి?"

పొయ్యి వెలిగించలేదని సైగ చేశాను.

"నా సెవులు పోనాయి గానీ బుర్ర పోనేదే! ఆ సంచిలోంచే వత్తంది, సూడు!"

ఆయన నవ్వారు. "సిలిండరే నేదు, గాలెక్కడిదే అమ్మా!"

నిజమే. సిలిండర్లు పడవ దగ్గరే ఉంటాయి. మా ఇద్దరికీ ఏ చప్పుడూ వినబడలేదు. కానీ అబద్ధమాడినదాన్ని నేను. నా చేతులు ఆగలేదు. బ్యాగు తెరిచి, బలమంతా పెట్టి తొడుగు లాగాను. కింద తెల్లగా ఉప్పు కట్టింది. వేలితో హోస్ వంచితే పగులు నోరు తెరిచింది.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కాసేపటికి నా తల మీద చెయ్యి వేశారు.

"రెండోసారి కూడా సూసినావు కాబట్టి బతికినాను."

పనిలో అందరికీ అదే చెప్పారట. వాళ్ళు ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటారు.

మర్నాడు ఆయన ఓ సిలిండర్ తెచ్చి, ఆ పాత హోస్‌కి బిగించి వాల్వ్ తిప్పారు. పగుల్లోంచి గాలి బుస్సుమంది. అత్త జానెడు దూరంలో కూర్చుని ఉంది.

"ఏటి సూపిత్తన్నార్రా?" అంది. ఆవిడకేమీ వినబడలేదు.

ఇప్పుడు క్యాను నీళ్ళు ముందు హోస్‌కి, మిగిలినవి స్వామికి. పోవలసిన ప్రాణం నిలిచినందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. గాలే లేని హోస్‌లోంచి ఆ చప్పుడు, అదీ ఆ చెవులకి ఎలా వినబడిందో మాత్రం ఈనాటికీ తెలియదు.

ఆయనకు నిజం ఇంకా చెప్పలేదు. ఈ కాగితం ముందు ఆయన చేతికే ఇస్తాను.