జవాబు రాని ప్యాకెట్లు

దసరా మర్నాడు పొద్దున ఆఫీసు తెర మీద గ్యాసు అంకె కదలకుండా నిలబడి ఉంది.

తొంభైల చివరి మాట. మంచిర్యాల నుంచి బస్సులో వెళ్లి ఒక బొగ్గుగని ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. గనిలో గ్యాసు ఎంతుందో అక్కడి కంప్యూటర్‌ను మా కంప్యూటర్ అడిగి తెలుసుకునేది. పెరిగితే మేం ఫోన్ చేసి మనుషుల్ని పైకి రప్పించాలి.

అంకె తక్కువే కాబట్టి ఎవరికీ భయం లేదు. నాకే అది నచ్చలేదు. పని నడిచే గనిలో అంకె కొంతైనా ఎక్కి దిగాలి. ఆ షిఫ్టులో మా అక్క పెనిమిటి లోపలే ఉన్నాడు.

రౌటర్‌లో ప్యాకెట్ క్యాప్చర్ పెట్టాను. అంటే దాని గుండా పోయే, వచ్చే సమాచారపు ముక్కల్ని పట్టి చూడటం. వరుసగా పడ్డాయి. మా ఇంజనీరు నవ్వాడు.

"మంచిగనే నడుస్తుంది గదయ్యా! పండుగకు అందరం తాగితిమి, తాగని నీకే కండ్లు తిరుగుతున్నయా?"

మళ్లీ చూశాను. అన్నీ ఇక్కణ్ణుంచి పోతున్నవే. మధ్యాహ్నం దాకా బలిపీఠం చుట్టూ కేకలు వేసినా పలికే దేవుడు లేకపోయిన బైబిల్లోని ఆ ప్రవక్తల సంగతి సండే స్కూల్లో విన్నప్పుడు పుట్టిన భయమే మళ్లీ పుట్టింది.

"ఫిల్టర్ తప్పు వెట్టినవ్. పోయేటియే పట్టుమంటే వచ్చేటియి ఎట్ల కనవడ్తయ్?" అన్నాడాయన.

కావచ్చు. కానీ ఫిల్టర్ తీసేస్తే అన్నీ ఒక్కసారే మీద పడి ఆ పాత రౌటర్ ఆగిపోవచ్చు. ఆగితే గని సంగతి అసలే తెలియదు.

"ఇప్పుడు మాత్రం ఏం తెలుస్తుంది సార్?" అన్నాను. ప్రభువా అనుకొని తీసేశాను.

రౌటర్ ఆగలేదు. గని దగ్గరే ఉన్న హాజరు కంప్యూటర్ నుంచి జవాబులు వచ్చాయి. లైను బాగుంది, క్యాప్చర్ రెండు వైపులా పడుతోంది. గ్యాసు కంప్యూటర్ ఒక్కటే పలకడం లేదు. కొత్త అంకె వచ్చేదాకా మా తెర పాతదాన్నే పట్టుకొని ఉంటుంది.

ఇంజనీరు గనికి ఫోన్ చేశాడు. అవతలి మాట నాకూ వినబడింది.

"నిన్న ఆయుధపూజ గద సార్. గ్యాసు కంప్యూటర్ బంద్ జేసి బొట్టు వెట్టినం. పూజైనంక ముట్టొద్దు గద. ఇగ పొద్దుగాల ఎవ్వలు చాలూ చెయ్యలే."

నేను తప్పు పట్టలేకపోయాను. ఆదివారం మా ఇంట్లోనూ నాగలి ముట్టేవాళ్లం కాదు. కానీ సెలవు రోజు పని లేని గనిలో గ్యాసు ఊరుతూనే ఉంటుంది.

"మనుషులను పైకి తియ్యి! జల్ది!" ఇంజనీరు అరిచాడు.

జీపులో గని దగ్గరికి పోయేసరికి ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ప్రతి మొహమూ బొగ్గే. ఎవరు ఎవరో తెలియలేదు. బావే నన్ను గుర్తుపట్టాడు.

"ఏం బామ్మర్ది, నేను పండుగ మాంసం తేలేదని గింత దూరమొస్తివా?"

"లోపల ఎట్లున్నది బావా?"

"దీపం మంట నీలంగ సాగుతాంటే సూసినం." గ్యాసును పసిగట్టడానికి లోపలికి తీసుకుపోయే దీపం అది; గ్యాసు చేరితేనే మంట అలా సాగుతుంది.

"మరి అప్పుడే ఎందుకు రాలేదు?"

"పైన మీరు సూస్తాండ్రు గదా. ఫోన్ రాలే. ఏం లేదనే అనుకున్నం."

నిష్ఠూరంగా కూడా అనలేదు.