ఏం లేదు, ఉప్పునీళ్ళే

మా గోడ మీద గాలం వేసుకుని కూర్చున్న ఎవరినైనా "ఏమన్నా పడ్డాయా?" అని అడిగి చూడండి. "ఏం లేదు, ఉప్పునీళ్ళే" అంటాడు. బుట్టలో చేపలు తోకలు కొట్టుకుంటున్నా అదే మాట. ఉన్నది ఉన్నట్టు చెబితే దిష్టి తగులుతుందనీ, రేపు రొయ్యపిల్ల కూడా ఎర ముట్టదనీ మా భయం. అడిగినవాడు నమ్మడు, చెప్పినవాడు నమ్మించాలనీ చూడడు. అలెగ్జాండ్రియాలో అన్‌ఫూషీ నుంచి పాత కోట దాకా, సముద్రం పక్కన గోడ ఉన్నంత మేరా ఇదే మర్యాద.

ఈ మర్యాదే తుల్బా బాబాయిని ముంచింది.

ఆయన ముప్పైనాలుగేళ్ళు ట్రాములో టికెట్లు కొట్టాడు. ఉద్యోగం అయిపోయిన మర్నాడే నా కొట్టుకొచ్చి గాలపు కర్ర కొన్నాడు. నాది ఆ గోడకెదురుగా ఉన్న గాలాల కొట్టు. కర్రలు, కొక్కేలు, సీసపు గుండ్లు, బెండ్లు అమ్ముతాను. పదకొండేళ్ళపాటు వారానికి నాలుగు రోజులు ఆయన గోడ మీద కూర్చోవడం నేను చూస్తూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా చెప్పిందొకటే. "ఏం లేదు నాయనా, ఉప్పునీళ్ళే."

అది నిజం. చిక్కంతా అక్కడే వచ్చింది. మిగతావాళ్ళు ఆ మాట ఎటో చూస్తూ, బుట్ట మీద గోనె సర్దుతూ, ఏదో మొక్కుబడిగా అంటారు. బాబాయ్ మాత్రం ఎదుటివాడి కళ్ళలోకి చూసి, గుండెల మీద చెయ్యేసుకుని, నిట్టూర్చి మరీ చెప్పేవాడు. ఇంత కష్టపడి దాస్తున్నాడంటే ఎన్ని పట్టి ఉంటాడో అనుకున్నారు జనం.

దానికి సాక్ష్యాలు కూడా దొరికాయి. ఎర రొయ్యలు ఎండిపోకుండా ఆయన బుట్టలో తడిగోనె పెట్టుకునేవాడు. ఇంటికెళ్ళేటప్పుడు ఆ బుట్ట బరువుగా ఉండేది, ఐదో అంతస్తు దాకా మెట్ల మీద నీళ్ళు కారేవి. వెనకాల నాలుగు పిల్లులు. "మనిషి అబద్ధమాడొచ్చు, పిల్లి ఆడుతుందా?" అంది కింది వాటా ఆవిడ. పాపం ఆయన భార్య ఇన్షిరాహ్ పిన్నికి పిసినారి అని పేరు పడింది. ఇన్ని చేపలొస్తే పక్కింటికి ఒక్కటైనా పంపదేం అని.

పోనీ ఎలా పడతావో చెప్పు అని వెంటపడితే, ఆయన మర్యాదస్తుడు కాబట్టి తాను చేసేదేదో చెప్పేవాడు. పిండిలో పాత జున్ను కలిపి పిసుకు. కొక్కేనికి జానెడు పైన గుండు, బారెడు పైన బెండు. ఎండ వీపున పడేలా కూర్చోకు, నీ నీడ నీళ్ళ మీద పడి చేప బెదురుతుంది. తుఫాను వెళ్ళాక నీళ్ళు మురికిగా ఉండే అంచున వెయ్యి. ఆ మాటలు పట్టుకుపోయినవాళ్ళకి నిజంగానే బుట్టలు నిండాయి. ఇంకేముంది, పడవ నడిపేవాణ్ణి పిలిచినట్టు ఆయన్ని 'రయ్యిస్' అని పిలవడం మొదలుపెట్టారు. సన్నటి ఎర్ర బెండ్లు తెప్పించి, 'తుల్బా బెండు' అని అట్ట మీద రాసి గుమ్మానికి వేలాడదీసింది మాత్రం నేనే. బాగా అమ్ముడుపోయాయి. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

మొన్న నవంబరులో మక్నసా తుఫాను వచ్చింది. మక్నసా అంటే చీపురు. ఏటా అదే రోజుల్లో వచ్చి వీధులు ఊడ్చి పోతుంది. అది వెళ్ళిన గురువారం మధ్యాహ్నం బాబాయ్ నా కొట్టులోకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"మా అన్న వస్తున్నాడు మహ్రూస్. రేపే."

అన్న పేరు బద్రావీ. పోర్ట్ సయీద్‌లో, ఓడలు పోయే కాలువలో పడవల మీద పనిచేసిన మనిషి. కుర్రతనంలో ఈయన చేతికి ఒక్క చేపా పడేది కాదట. "నీ గాలానికి చెప్పు తగిలినా గొప్పేరా" అని ఊరంతా వినేట్టు అనేవాడట అన్న.

"మంచిదేగా బాబాయ్."

"ఏం మంచి? ఎవడో లారీ డ్రైవరు వాడితో చెప్పాడు, నీ తమ్ముడు అలెగ్జాండ్రియా గోడకి రయ్యిస్ అని. ఇంట్లో మాంసం వండొద్దు, నీ చేపలే తింటాను, పొద్దున్నే పక్కన కూర్చుని నువ్వు పడుతుంటే చూస్తాను అని ఫోను చేశాడు. నువ్వు వాడికి నిజం చెప్పాలి. నేను చెబితే నమ్మడు."

"ఏం నిజం?"

"నాకు చేపలు పడవని."

నేను నవ్వాను. "ఊరుకో బాబాయ్. నా దగ్గర కూడానా?"

ఆయన లేచాడు. బుట్ట తీసి నా బల్ల మీద బోర్లించాడు. తడిగోనె, రొయ్యల డబ్బా, టీ ఫ్లాస్కు, సగం తిన్న రొట్టె. అంతే.

"పదకొండేళ్ళు మహ్రూస్. ఆరు చేపలు. ఏది ఏ రోజు పడిందో కూడా చెబుతాను."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలీదు. గుమ్మానికి వేలాడుతున్న అట్టకేసి చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. చివరికి, "బజారులో నాలుగు కొని బుట్టలో వేసుకో బాబాయ్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"అదే వద్దనుకుంటున్నా. ఇన్నేళ్ళూ నిజం చెబితే అబద్ధం అన్నారు. ఇప్పుడు అబద్ధం తీసుకెళ్ళి అన్న కంచంలో పెడితే, ఈ ఊరు చెప్పుకునే మాటే గెలిచినట్టు. అన్న నవ్వితే నవ్వనీ. కానీ వాడైనా నన్ను నమ్మాలి."

శుక్రవారం కొట్టు సెలవు. తెల్లారగానే నేనూ గోడ దగ్గరికెళ్ళాను. నా వంతు తప్పు నాకుందిగా. బద్రావీ పెద్దాయన అప్పటికే వచ్చి, మందపాటి కళ్ళద్దాలతో తమ్ముడి సరంజామా అంతా తడిమి చూస్తున్నాడు.

"కర్ర బాగుంది. ఎరేంటి?"

"జున్ను పిండి. అన్నా, ముందు నా మాట విను. నాకేం పడవు."

"తెలుసులేరా. మాక్కూడా పోర్ట్ సయీద్‌లో ఏం పడవు. ఉప్పునీళ్ళే."

బాబాయీ నేనూ మొహాలు చూసుకున్నాం. నేను దగ్గాను. "నిజమే పెద్దాయనా, ఈయనకి ఏం పడవు."

"నువ్వు గాలాలు అమ్మేవాడివట కదా? నీకూ నేర్పారన్నమాట ఆ మాట."

బాబాయ్ ఇక వాదించలేదు. పిండి గుచ్చి నీళ్ళలోకి విసిరాడు. చక్కటి విసురు, ఎక్కడ పడాలో అక్కడే పడింది. తుఫాను వదిలిన మురికి నీళ్ళ అంచున ఎర్ర బెండు నిలబడింది. అందరం చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి అది ఒకసారి ఊగింది. ఊగి, గుటుక్కున మునిగింది.

బాబాయ్ కదల్లేదు.

బెండు పైకి తేలింది. మళ్ళీ మునిగింది. షర్గూష్ చేప పని అలాగే ఉంటుంది, ఒంటి మీద నల్ల చారలతో దొంగలా వస్తుంది, కొరికి వదిలేస్తుంది. ఆ క్షణంలో గుంజకపోతే ఇక గుంజక్కర్లేదు.

"ఒరే, ఏం చూస్తున్నావ్?" అన్నాడు అన్న.

"బెండు."

"ఎక్కడుంది?"

బాబాయ్ వేలు చూపించాడు. ఆ వేలు కొసన, బెండుకి నాలుగు బారల ఇవతల, ఎవరో పారేసిన తెల్లటి సీసా మూత అలల మీద హాయిగా ఊగుతోంది.

ఆ మూత తుఫానుకి కొట్టుకొచ్చింది కావచ్చు. కానీ పదకొండేళ్ళుగా ఆయన ఎన్ని మూతల్నీ, ఎన్ని నురగ ముద్దల్నీ అంత శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడో లెక్కేయబోయి మానేశాను. ఎక్కడ పడుతుందో చేతికి తెలుసు. కంటికే తెలీదు.

"అద్దాలు పెట్టుకోవేంరా?"

"బోగీ ఆ చివర టికెట్ లేనివాణ్ణి ఈ చివర నుంచి పట్టినవాణ్ణి నేను. నాకెందుకు అద్దాలు?"

పెద్దాయన పగలబడి నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. కర్ర కొసకేసి చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "పోయినేడు ఒక ఓడ కెప్టెన్‌కి అరగంట సేపు చెయ్యూపానురా నేను. మా పాత కెప్టెనే అనుకున్నా. తీరా చూస్తే అది ఓడ పొగగొట్టం. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది." అని తన అద్దాలు తీసి తమ్ముడి ముక్కు మీద పెట్టాడు. "ఒక కడుపున పుట్టాం. సరిపోతాయి."

బాబాయ్ చాలాసేపు నీళ్ళకేసి చూశాడు.

"ఆ ఎర్రదా బెండు?" అన్నాడు.

"ఎర్రదే బాబాయ్. నేనే అమ్మాను."

"ఆ తెల్లదనుకున్నా."

ఆ తర్వాత గంటన్నరలో నాలుగు షర్గూష్‌లు పడ్డాయి. ఒక్కొక్కటీ అరచెయ్యంత. అద్దాల్లేని అన్న పక్కన గుడ్డివాడిలా కూర్చుని, "పడిందా? పడిందా?" అని నా మోకాలు గిల్లుతూనే ఉన్నాడు. మూడోది పడ్డాక, "నువ్వు చెప్పింది నిజమేనట్రా, నీకేం పడవని?" అన్నాడు.

"నిజమే అన్నా."

"నమ్మాను పో."

బాబాయ్ అద్దాల వెనక కళ్ళు తుడుచుకున్నాడు. ఉప్పుగాలి అని నేను అనుకున్నట్టు నటించాను. ఇంట్లో ఇన్షిరాహ్ పిన్ని చేపల కోసమని ఉల్లిపాయలు ఎర్రగా వేయించి అన్నం కలిపిందట, ఎందుకైనా మంచిదని పక్క పొయ్యి మీద పప్పూ వేసిందట. ఆ పప్పు ఈ పూటకి అక్కర్లేదు.

మధ్యాహ్నం నమాజుకి ముందు గోడ వెంట టీ అమ్మే జగ్లూల్ వచ్చాడు.

"ఏమన్నా పడ్డాయా రయ్యిస్?"

బాబాయ్ చెయ్యి దానంతటదే బుట్ట మీదికి పోయింది. తడిగోనె సర్దాడు. గుండెల మీద చెయ్యీ లేదు, నిట్టూర్పూ లేదు, ఎటో సముద్రం వైపు చూస్తూ, పెదవి కూడా సరిగ్గా కదపకుండా అన్నాడు.

"ఏం లేదు. ఉప్పునీళ్ళే."

జగ్లూల్ ఆగిపోయాడు. ఆయన మొహం చూశాడు, అద్దాలు చూశాడు, పక్కన కళ్ళు చికిలించుకుని కూర్చున్న ముసలాయన్నీ చూశాడు. ఎప్పుడూ లేనిది, వాడి మొహంలో జాలి కనిపించింది. మూడు గ్లాసుల టీ పోసి గోడ మీద పెట్టి, డబ్బులు వద్దన్నాడు. వెళుతూ వెళుతూ నా చెవిలో చెప్పాడు.

"పాపం, ఇవాళ రయ్యిస్‌కి నిజంగానే ఏం పడలేదన్నా."