ఓన్ యిన్ చేతి ముద్ద

ప్యాపోన్ రేవులో ఓన్ యిన్ అనే ముసలావిడ పులియబెట్టిన తేయాకులో ఎండు రొయ్యలు, వేయించిన గింజలు వేసి వట్టి చేత్తో కలిపి అమ్మేది. గరిటెతో కలపమంటే, "గరిటెకి ఉప్పు తెలుస్తుందా?" అని కసిరేది. జనం ఆ చేతి రుచి కోసమే వచ్చేవారు.

కూతురు ప్రసవంలో పోయింది. మిగిలింది ఏడేళ్ళ మనవరాలు పాన్ ఎయి. మా ఇళ్ళలో మొదటి ముద్ద పెద్దల కంచంలో పెట్టాకే పిల్లలు తింటారు. పాన్ ఎయి పెట్టిన ముద్దని ఈవిడ కలిపి, తిరిగి దాని నోట్లోనే పెట్టేది.

పిల్లకి ఎప్పుడూ కడుపునొప్పి. చేతులు పుల్లల్లా ఉండేవి. పరీక్షలో బద్దెపురుగు అని తేలింది. నేను ఆ పేట నర్సుని. మాత్రలిచ్చి, పంది మాంసం పెట్టినందుకు ముసలావిడని చెడామడా తిట్టాను. ఆవిడ మాంసం మానేసింది. పురుగు మళ్ళీ వచ్చింది. మూడుసార్లు అలాగే తిట్టాను.

నాలుగోసారి ల్యాబు వాళ్ళు పురుగు రకం కూడా రాసి పంపారు. మరుగుజ్జు బద్దెపురుగు, వేలి కణుపంత. దానికి పందితో పనే లేదు. కంటికి కనపడని గుడ్లు దొడ్డికెళ్ళిన చేతి నుంచి నోటికి చేరితే చాలు. కొన్ని గుడ్లు బయటికే రాకుండా పేగులోనే పొదుగుతాయి. ఆ పురుగు పిల్లలు పేగు గోడలో దాక్కుంటాయి కాబట్టి రెండు వారాలకి మళ్ళీ మందు వేయాలి, ఇంటిల్లిపాదీ వేసుకోవాలి. నేను ఒక్క పిల్లకే, ప్రతిసారీ ఒక్క మోతాదే వేస్తూ వచ్చాను.

"నాకేం లేదు నర్సమ్మా, రాయిలా ఉన్నా. ఆ మాత్రలు కూడా దానికే వెయ్యి," అంది ఓన్ యిన్.

పట్టుబట్టి పరీక్ష చేయించాను. ఆవిడ కడుపు నిండా గుడ్లే.

ఆవిడ అరచేతులు తిప్పి చూసుకుంది. "రోజూ కడుగుతాను కదే. అయితే నేనే పెట్టానా దానికి?"

అబద్ధం చెప్పాల్సింది. మాత్రలు లెక్కపెట్టి ఆవిడ ముందు పెట్టాను.

ఇద్దరూ రెండుసార్లు మందు వేసుకున్నారు. నెల తర్వాత ఇద్దరి పరీక్షలూ శుభ్రం. ఆ కబురు చెప్పడానికి సంబరంగా వెళ్ళాను. తేయాకు బేసిన్ బోర్లించి ఉంది. కొట్టు ఎత్తేసిందట.

"ఇంక ఏమీ లేవు అమ్మమ్మా. చేతులు సబ్బుతో కడుక్కుని పిల్లకి నువ్వే పెట్టు," అన్నాను.

"అప్పుడూ ఏమీ కనపళ్ళేదుగా," అంది ఓన్ యిన్.

పాన్ ఎయి చెంచాతో తినబోతూ, మొదటి ముద్ద తీసి అన్నం గిన్నె మూత మీద పెట్టింది. ఇంట్లో లేని పెద్దలకీ, పోయినవాళ్ళకీ అలా తీసిపెడతాం.

"అమ్మమ్మ ఎదురుగానే ఉందిగా, మూత మీదెందుకే?" అన్నాను.

"తన కంచంలో పెట్టొద్దంది," అంది పిల్ల, తలెత్తకుండా.

ఓన్ యిన్ రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని, చేయి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉంది.